కూర్చుండి బ్రదుకువారు – తుంటి కండరములు

(మన సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్య విషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినప్పుడు నేను వెనుకాడితిని. పదవ తరగతితో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. వైద్యమును గూర్చి మాటలాడుటకు నాకేమి అర్హత యని అడిగితిని. "నీకు తెలిసిందే చెప్పప్పా, తెలియంది ఎవరడిగినారు?" అని మన కార్యదర్శిగారు నవ్విరి. నాకు తెలిసినది ఒక్కటి గలదు. దానిని మేము తెలిసికొనుటకు మా నాయనగారు మూల్యము చెల్లించిరి. దానినే చెప్పెదను.

మన పేటకు ప్రత్తి వలన పేరు వచ్చినది. కన్నడమున అరళె యనగా ప్రత్తి. పాతవారు దీనిని అరళెపేట యనియే పిలిచెడివారు. ప్రత్తి మూటల కాలము పోయినను, కూర్చుండి చేయు వ్యాపారము మాత్రము పోలేదు. మా నాయనగారు నలువది సంవత్సరములు అంగడిలో తెల్లని పరుపుమీద మఠము వేసికొని కూర్చుండి, ఒడిలో లెక్కల పుస్తకముంచుకొని బ్రదికిరి. నేను కుర్చీకి మారితిని. నా కుమారుడు కంప్యూటరు ముందు కూర్చుండును. ఆసనము మారినది గాని తుంటి వంపు మారలేదు.

అట్లని మా నాయనగారు మందకొడి మనిషి కారు. ప్రతి సంవత్సరము అలిపిరినుండి కొండకు నడచియే పోయెడివారు. సుమారు 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతము వద్ద మేము ఊపిరి పీల్చుకొనుచుండగా ఆయన పైనుండి మమ్ము కేకవేయుచుండెడివారు. డెబ్బది రెండవ యేట ఆయనకు మోకాళ్ళు వాచినవి. నిలువజాలక మంచము పట్టిరి. మేమందరము భక్తితో సేవ చేసితిమి. మోకాళ్ళ క్రింద మెత్తని దిండొకటి పెట్టినచో నొప్పి తగ్గుచుండెను. కావున దిండు పెట్టితిమి. పగలు వీపునకు దిండు పెట్టి కూర్చుండబెట్టుట, రాత్రి మోకాళ్ళ క్రింద దిండు పెట్టి పరుండబెట్టుట. నాలుగు మాసములు ఆ దిండు తీయలేదు. పాతదైనచో క్రొత్త దూది పోసి కుట్టించితిమి. ప్రత్తి వ్యాపారుల యిల్లు గదా!

వాపు తగ్గినది. ఆయన లేచిరి. కాని నిటారుగా నిలువలేకపోయిరి. నడుము ముందునకు వంగి, మోకాళ్ళు కొంచెము మడచి, నేలను చూచుచు నడచిరి. పది అడుగులకే తొడలు అలసిపోవుచుండెను. చూడవచ్చినవారు "వయసాయె గదప్పా" అనిరి. మేమును అట్లే తలచితిమి. సంవత్సరము గడచిన పిమ్మట ఫిజియోథెరపీ నేర్చిన ఒక యువతి యింటికి వచ్చి, ఆయనను గట్టి బల్లమీద పరుండబెట్టి, కాళ్ళు వంచి చాచి చూచినది. "ఇది వట్టి వయస్సు కాదు, తుంటి ముందరి కండరములు కుదించుకొనిపోయినవి" అన్నది. అటుపై "మోకాళ్ళ క్రింద దిండు పెట్టియుంటిరా?" అని అడిగినది. మా అమ్మ నా ముఖము చూచినది. నేను నేలను చూచితిని.

ఆ కండరము లెవ్వి, అవి చేయు పని యేమి యని ఆనాటినుండి నేను చదివితిని, వైద్యులను అడిగితిని.

మీరు కూర్చున్నచోటనే గజ్జమీద, అనగా తొడ పొట్టను కలియు మడతమీద, అరచేయి ఉంచుడు. ఇప్పుడు ఆ ప్రక్క మోకాలిని కొంచెము పైకెత్తుడు. చేతిక్రింద త్రాడువలె ఏదో బిగియును. చేతికి తగులునవి పైపొర కండరములు. అసలు బలవంతుడు లోపల దాగియున్నాడు. వాని పేరు సోయాస్. వెన్నెముకలో ఛాతీ భాగపు చివరి పూసనుండియు, దాని క్రిందనున్న అయిదు నడుము పూసలనుండియు ఇరుప్రక్కల బయలుదేరి, ప్రేగులకు వెనుకగా దిగి, గజ్జ క్రిందుగా దూరి, తొడయెముక పైభాగమున లోపలి ప్రక్కనున్న చిన్న బొడిపెకు అంటుకొనును. నడుము పూసలనుండి నేరుగా తొడయెముకను చేరు కండరము ఇదొక్కటియే. దీనికి తోడు ఇలియాకస్ అను మరియొక కండరము చేటవంటి తుంటెముక లోపలి తట్టున విసనకఱ్ఱవలె పరచుకొనియుండి, క్రిందికి దిగి సోయాస్‌తో కలియును. రెండు పాయలు పేనిన మోకువలె రెండును ఒకటియై ఎముకను పట్టును. వైద్యులు ఈ జంటను ఇలియోసోయాస్ అందురు. మన కండబలమును పొగడువారు ఛాతీని, భుజములను చూతురు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి ఛాతీపై ఏనుగు నిలిచినదని మన తాతలు చెప్పగా వింటిమి. ఈ కండరమును మాత్రము ఎవరును చూచి పొగడలేదు. కడుపు లోపల వెన్ను ప్రక్కన నున్నదానిని చూచుట యెట్లు?

పైపొరలో మరి కొన్ని గలవు. వానిలో రెక్టస్ ఫెమోరిస్ అనునది తుంటెముక ముందరి భాగమునుండి మోకాలిచిప్పమీదుగా ముంగాలి వరకు పోవును. అది తుంటిని వంచును, మోకాలిని చాచును. రెండు కీళ్ళకు చాకిరి చేయునది గావున త్వరగా బిగుసుకొనును. మిగిలినవి చిన్నవి; పేర్లతో మిమ్ము విసిగింపను. ఒక్కదానిని మాత్రము వస్త్రవ్యాపారులున్న సభలో చెప్పక పోరాదు. తుంటెముక ముందరి మొననుండి తొడకు అడ్డముగా జారి, మోకాలి లోపలి ప్రక్కగా దిగు సన్నని పట్టీవంటి కండరమొకటి గలదు. మానవ శరీరమున అన్నిటికంటె పొడవైన కండరమది. దాని పేరు సార్టోరియస్. లాటిను భాషలో సార్టర్ యనగా బట్టలు కుట్టు దర్జీ. తొడను పైకెత్తి, వెలుపలికి త్రిప్పి, మోకాలిని మడచుట దాని పని. అనగా మఠము వేసికొని కూర్చుండుటయే! ఐరోపాలో దర్జీలును అట్లే కూర్చుండి కుట్టెడివారు గావున ఆ పేరు వచ్చినదందురు. మా నాయనగారి పరుపును చూచియుండినచో శెట్టి కండరమని పేరు పెట్టియుందురేమో.

ఇక వీని పని. కాలు గాలిలో నున్నప్పుడు తొడను పొట్టవైపునకు ఎత్తును. కాళ్ళు కదలక పరుండియున్నప్పుడు మొండెమును పైకి లేపును. పొట్ట తగ్గునని మన కుఱ్ఱవాండ్రు పరుండి లేచి, పరుండి లేచి చేయు అభ్యాసమున పెద్దభాగము ఈ కండరములదే. పొట్టకు అంత ఫలము దక్కదు. మెట్టు ఎక్కునప్పుడు, తొడ నడుమెత్తును దాటి లేవవలసినప్పుడు, పైపొర కండరములు బలము చాలక వెనుకబడును. సోయాస్‌మీదనే భారమెక్కువ పడును. కావున కొండ మెట్లలో ఎత్తైన మెట్టు వచ్చినప్పుడు మనలను ఎక్కించునది ఇదియే.

నడకలో దీని పాత్ర మరింత సూక్ష్మమైనది. ఒక కాలు ముందునకు పోవునప్పుడు రెండవ కాలు వెనుక నిలిచియుండును. ఆ వెనుక కాలి తుంటి, నిట్టనిలువు గీతను దాటి సుమారు పది డిగ్రీలు వెనుకకు సాగవలెను. అప్పుడు ముందరి కండరములు లాగిన విల్లునారివలె సాగి, మడమ లేచిన వెంటనే కాలును ముందునకు విసరును. సాగుటకు పొడవు లేని కండరము విసరుటయెట్లు? అడుగు పొట్టిదగును. పాదము నేలను రాచుకొనును. గడప తగిలినను, చాప అంచు తగిలినను మనిషి పడును. వృద్ధుల నడకను యంత్రములతో కొలిచిన పరిశోధకులు, పడిపోవు వృద్ధులలో తుంటి వెనుకకు సాగుట మరింత తగ్గియుండుటను గుర్తించిరి. వారు త్వరగా నడువ యత్నించినను అది పెరుగలేదట.

పొడవు ఎట్లు తగ్గునని మీరడుగవచ్చును. కండరపు పోగులో అతి సూక్ష్మమైన తునుకలు ఒకదాని వెనుక ఒకటి గొలుసువలె కూర్చబడియుండును. కండరమును వారములతరబడి మడచిన స్థితిలోనే ఉంచినచో, ఆ గొలుసులో కొన్ని తునుకలు తగ్గిపోవును. చుట్టునున్న పొరలు గట్టిపడును. సాగదీసి యుంచినచో తునుకలు తిరిగి చేరును. 1970ల దశకమున జంతువులపై చేసిన పరిశోధనలలో ఇది స్పష్టముగా తేలినది. ఇంత గుడ్డ అక్కరలేదని తలచి దర్జీ లోపలికి మడచి కుట్టినట్లు, శరీరము తన కండరమును కురుచ చేసికొనును. మేము పెట్టిన దిండు ఆ కుట్టుపని చేసినది. వెన్నుపూసలకు అంటియున్న కండరము కురుచయైనచో, మనిషి నిలువబోగా అది నడుమును ముందునకు లాగును. అప్పుడు మనిషి వంగి నిలువవలెను. లేదా నడుమును లోపలికి వంచి పొట్టను ముందునకు త్రోయవలెను. లేదా మోకాళ్ళు మడచుకొనవలెను. మోకాళ్ళు మడచి నిలుచుట యనగా కనబడని కుర్చీలో కూర్చుండుటయే. మా నాయనగారి తొడలు పది అడుగులకే ఎందుకలసెనో అప్పుడు నాకు బోధపడినది.

ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. అంగడిలో పది గంటలు కూర్చున్న ప్రతివానికిని ఇట్లగునని నేననను. మంచము పట్టినవాని సంగతి వేరు, మన సంగతి వేరు. మనము లేతుము, నడుతుము, కాళ్ళు చాచి నిద్రింతుము. కుర్చీనే భూతముగా చేసి భయపెట్టువారి మాటలు నాకు రుచింపవు. కాని పగలు కుర్చీ, మధ్యలో స్కూటరు, సాయంకాలము టెలివిజను ముందు సోఫా, రాత్రి ముడుచుకొని పండుకొనుట – దినమంతయు తుంటి ఒక్కసారియైనను పూర్తిగా చాచుకొనదు. అట్టివాడు జబ్బుపడి మంచమెక్కినప్పుడు ముందే సగము దూరము పోయియుండును. కబ్బన్‌పేటలో గుంటమగ్గముపై నేసిన మన పెద్దలును దినమంతయు కూర్చున్నవారే. కాని వారి కాళ్ళు తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కుచుండెడివి, నీళ్ళకును నూలు ఆరవేయుటకును లేచెడివారు.

మన వీధిలోనే మరియొక దృశ్యము గలదు. చైత్రపౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి కరగము బయలుదేరి, మన కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చిపోవుట మీరందరును చిన్ననాటినుండి చూచుచున్నదే. తలమీద కరగము, చుట్టును కత్తులు పట్టిన వీరకుమారులు; తెల్లవారువరకు నడక. మనము భక్తితో తలను, పూలను చూతుము. ఈ యేడు నేను ఆయన నడుమును చూచితిని. అడుగు త్వరగా పడుచున్నను నడుము ఊగలేదు. వెన్నుపూసలను వెనుకనుండి వీపు కండరములు, ముందునుండి సోయాస్ పట్టియుంచును. గుడారపు స్తంభమునకు ఇరుప్రక్కల మోకులు కట్టినట్లు. ఒక మోకు కురుచయైనచో స్తంభము ఒరుగును. గరిడీమనెలలో చేసిన సాధన వట్టిది కాదు. దండీలు, బస్కీలు తీయువాని తుంటి పూర్తిగా మడచుకొని, పూర్తిగా చాచుకొనును.

గరిడీకి పోలేనివారికి మన నగరమునందే మరియొక దారి చూపినవారు గలరు. కె.వి. అయ్యరుగారు వ్యాయామశాల నడపి ఎందరికో శిక్షణ యిచ్చిరి. 1937లో సూర్యనమస్కారములపై పుస్తకము వ్రాసిరి. శాంతల నవలను వ్రాసినవారును ఆయనయే. సూర్యనమస్కారములో ఒక కాలిని వెనుకకు చాచి, మోకాలు నేలకానించి, ఛాతీ ఎత్తు భంగిమ గలదు. ఆ వెనుక కాలి గజ్జలో కలుగు లాగుడు ఇలియోసోయాస్ సాగుటయే. ముందరి తొడ పొట్టకు తగులును, వెనుక తొడ చాచుకొనును. మంత్రము చదివినను చదువకున్నను కండరమునకు ఆ లాభము దక్కును.

ఆ యువతి మా నాయనగారిని బల్లమీద పరుండబెట్టి చేసిన పరీక్షకు ఒక చరిత్ర గలదు. దానిని కనుగొన్నవాడు హ్యూ ఓవెన్ థామస్. 1834లో పుట్టి, లివర్‌పూల్ నగరమున బీదలకు వైద్యము చేసి, 1891లో చనిపోయెను. ఆయన తండ్రి, పూర్వులు వైద్య పట్టము లేని ఎముకలు కట్టువారు. మన పుత్తూరు కట్టువారివంటి వంశమన్నమాట! చేయి విరిగినను కాలు విరిగినను మనవారు బెంగుళూరునుండి పుత్తూరునకు పరుగెత్తుదురు గదా. ఆ వంశపు పిల్లవాడు వైద్యకళాశాలలో చదివి, 1875లో తుంటి, మోకాలు, చీలమండ జబ్బులపై గ్రంథము ప్రకటించెను. ఆయన పరీక్ష యిట్టిది. గట్టి బల్లమీద వెల్లకిల పరుండి, ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీకి లాగుకొనవలెను. నడుము బల్లకు ఆనువరకు లాగవలెను. రెండవ కాలు బల్లమీద చాచియున్నట్లే ఉండవలెను. అది తనంతట తానే పైకి లేచినచో, ఆ లేచిన కాలి తుంటి కండరములు కురుచయైనవని అర్థము. మెత్తని పరుపుమీద ఈ పరీక్ష పనికిరాదు. పరుపు దోషమును దాచును. నేనును చేసికొంటిని. నా కుడికాలు రెండంగుళములు లేచినది.

గజ్జలో నొప్పియన్న ప్రతిదియు ఈ కండరపు బిగువే యని తలచి తైలము మర్దన చేయించుకొనరాదు. సోయాస్‌కు ఇరుగుపొరుగు చాలమంది గలరు. అపెండిక్సు వాచినప్పుడు అది కుడి సోయాస్‌ను ఒరసికొనుట చేత, రోగి కుడికాలు మడచుకొని పడుకొనును. చాచినచో కడుపునొప్పి హెచ్చును. వెన్నుపూసలకు క్షయ పట్టినప్పుడు చీము ఈ కండరపు పొరవెంట జారి గజ్జలో గడ్డవలె తేలును. చూచువారు గజ్జబిళ్ళ యనుకొందురు. వెన్ను క్షయను గూర్చి లండను వైద్యుడు పెర్సివల్ పాట్ 1779లోనే వ్రాసెను. నేడు దానికి మందులు గలవు; ఆలస్యము మాత్రము కూడదు. జ్వరము, బరువు తగ్గుట, నడుమునొప్పి, గజ్జలో గడ్డ – ఇవి కలిసివచ్చినచో వైద్యునియొద్దకు పోవలెను, మర్దన చేయువానియొద్దకు కాదు.

ఇంటిలో మంచము పట్టిన పెద్దలున్నవారికి నా ముఖ్యమైన విన్నపము. మోకాళ్ళ క్రింద దిండు కొంతసేపు సుఖమునిచ్చును, దినమంతయు ఉంచకుడు. దానిని తీసి కాళ్ళు చాచి పరుండబెట్టుడు. వైద్యుడు వలదనకున్నచో, దినమునకు రెండుమారులు పావుగంట బోర్ల పరుండబెట్టుడు. గుండెజబ్బు, ఆయాసము గలవారిని, క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారిని వైద్యునడుగకుండ అట్లు చేయకుడు. పెద్దలు నొప్పియని కసురుకొందురు. మా నాయనగారు నన్ను కసురుకొనలేదు; దిండు పెట్టినందుకు దీవించిరి. అదియే నాకు బాధ.

అంగడిలోనివారికి నేను చెప్పునది స్వల్పమే. అరగంటకొకసారి బేరము లేకున్నను లేచి నిలువుడు. ఒక కాలు వెనుకకు పెట్టి, మడమ ఎత్తకుండ, పిరుదులు బిగించి ముప్పది లెక్కించుడు. తరువాత రెండవ కాలు. నడుమును వెనుకకు విరువకుడు, విరిచినచో కండరము సాగదు, నడుము నొచ్చును. మా అంగడిలో గల్లాపెట్టె ప్రక్కన నేనిట్లు నిలుచుట చూచి మొదట గిరాకీలు నవ్విరి. ఇప్పుడు ఎదురు అంగడి సోదరుడును నిలుచుచున్నాడు.

మా నాయనగారు మరి రెండు సంవత్సరములు సాధన చేసిరి. పూర్తిగా నిటారు కాలేదు. సగము వంపు పోయినది. నేలను చూచుట మాని ఎదుటి మనిషి ముఖము చూడగలిగిరి. కొండకు ఒక్కసారి నడచిపోవలెనని ఉండెను, బస్సులోనే తీసికొనిపోతిమి. అలిపిరి వద్ద బస్సు నిలిచినప్పుడు కిటికీలోనుండి మెట్లను చూచి, "ఎన్నుండాయో లెక్క మరిచితినప్పా" అనిరి. నేను చెప్పితిని. గత సంవత్సరము స్వర్గస్థులైరి.

రాబోవు ఆదివారము సభానంతరము ఈ హాలులో గట్టి బల్లలు రెండు వేయించుచున్నాను. పైన చెప్పిన పరీక్షను సరిగా చేసి చూపుటకు ఆ యువతియే వచ్చుటకు అంగీకరించినది. రుసుము లేదు. అరువదేండ్లు దాటినవారు ముందుగా రావలెను. లేవలేనివారు ఇంటిలోనున్నచో వారి పేరు, ఇంటి సంఖ్య కార్యదర్శిగారివద్ద వ్రాయించినచో మేమే ఇంటికి వచ్చెదము. స్త్రీలకు ప్రక్కగదిలో ప్రత్యేకముగా ఏర్పాటు చేయబడినది.